జాన్ వేన్ ఎయిర్‌పోర్టులో చిన్న విమానం నడపడం ఎలా: కొత్త పైలట్లకు దశలవారీగా

దక్షిణ కాలిఫోర్నియాలో, శాంటా ఆనా ఊరి అంచున, పసిఫిక్ తీరానికి నాలుగైదు మైళ్ల దూరంలో జాన్ వేన్ ఎయిర్‌పోర్టు ఉంది. రన్‌వేలు రెండే, అవీ పక్కపక్కనే. పెద్దది 5,700 అడుగులు. బోయింగ్ 737లు, ఎయిర్‌బస్‌లు, బిజినెస్ జెట్‌లు దాని మీదే ఎక్కి దిగుతాయి. చిన్నది 2,900 అడుగులకు కాస్త తక్కువ. సెస్నాలు, పైపర్లు ఎక్కువగా వాడేది దీన్నే. సముద్రం వైపు ముఖం పెట్టి దిగేటప్పుడు పెద్దదాన్ని 20 రైట్ అంటారు, చిన్నదాన్ని 20 లెఫ్ట్ అంటారు. గాలి ఎదురు తిరిగిన రోజు అవే 2 లెఫ్ట్, 2 రైట్ అవుతాయి.

ఇర్వైన్, టస్టిన్ చుట్టుపక్కల ఉంటూ శని, ఆదివారాల్లో ఫ్లయింగ్ నేర్చుకునే మన తెలుగువాళ్లు ఉన్నారు. కంట్రోల్ టవరే లేని కరోనా లాంటి చిన్న ఎయిర్‌పోర్టులో నేర్చుకుని, మొదటిసారి ఇక్కడికి రావాలంటే టెన్షన్ పడేవాళ్లను చూస్తుంటాను. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఇక్కడ కావాల్సింది అసాధారణమైన నైపుణ్యం కాదు. మీరు తర్వాత ఏం చేయబోతున్నారో టవర్‌లో ఉన్నవాళ్లకు ముందే తెలిసేలా ఎగరాలి. చెప్పింది చెప్పినట్టు చేయాలి, చేయలేనిదైతే వెంటనే చేయలేనని చెప్పాలి. కింద రాసినదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఒక మాట ముందే చెప్పాలి. మొదటి కొన్నిసార్లు ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకునే వెళ్లండి. మీరు అమెరికా పౌరులు కాకుండా వీసా మీద ఉంటే, శిక్షణ మొదలుపెట్టకముందే రవాణా భద్రత చూసే టీఎస్‌ఏ దగ్గర అనుమతి తీసుకోవాలి. అది లేకుండా స్కూలు మిమ్మల్ని విమానం ఎక్కించకూడదు.

ముందు రోజు ఇంట్లో

ఎయిర్‌పోర్ట్ డయాగ్రమ్ ప్రింట్ తీసి టేబుల్ మీద పరచండి. ఫోన్‌లో చూడటం సరిపోదు. మీరు పార్క్ చేసే చోటు నుంచి రన్‌వే మొదలు దాకా పెన్సిల్‌తో గీయండి. దారిలో ఏ టాక్సీవే (రన్‌వేకు చేర్చే బాట) పేరేమిటి, ఎక్కడ ఏ రన్‌వే అడ్డం వస్తుంది, అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ హాట్ స్పాట్ (పొరపాట్లు జరిగే చోటు) అని గుండ్రంగా గుర్తు పెట్టిన చోట్లు ఏవి, ఇవన్నీ కళ్లు మూసుకున్నా కనిపించాలి. రెండు రన్‌వేలకూ టవర్ ఫ్రీక్వెన్సీలు వేర్వేరు. అవి అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి ఎవరో చెప్పిన నంబర్లు కాకుండా ఆ వారం అమల్లో ఉన్న చార్ట్ సప్లిమెంట్ (ఎయిర్‌పోర్టుల వివరాల పుస్తకం) చూసి రాసుకోండి.

తర్వాత లైవ్‌ఏటీసీ లాంటి వెబ్‌సైట్‌లో ఈ టవర్ మాటలు వినండి. వంట చేస్తున్నప్పుడైనా, కారులో ఆఫీసుకు వెళ్తున్నప్పుడైనా పెట్టుకోవచ్చు. మొదట్లో ఒక్క ముక్కా అర్థం కాదు. కొన్నాళ్లకు కంట్రోలర్ నోరు తెరవకముందే ఏం చెప్పబోతున్నారో మీకే తట్టడం మొదలవుతుంది. అప్పుడు వెళ్లడానికి సిద్ధమైనట్టే. రేడియో కొత్తగా ఉన్నవాళ్లకు నేను దీన్ని మించిన సాధన చెప్పలేను. విమానం అద్దె గంటకు ఎంతో మీకు తెలుసు, ఇది మాత్రం ఉచితం.

బయల్దేరే టైము కూడా ఆలోచించి పెట్టుకోండి. చుట్టూ ఇళ్లు ఉన్నందున ఇక్కడ శబ్దం మీద కట్టుబాట్లు చాలా గట్టివి. రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా ఎయిర్‌లైన్ విమానాలు బయల్దేరకూడదు. ఆదివారమైతే 8 దాకా ఆగాలి. అంటే ఆ గడియ రాగానే అప్పటిదాకా ఆగి ఉన్న జెట్‌లన్నీ ఒకేసారి బారులు తీరతాయి. కొత్తవాళ్లు ఆ గంటలో వాటి మధ్య ఇరుక్కోవడం ఎందుకు? మధ్యాహ్నం ముందు, మబ్బు విడిపోయాక, మధ్య వారంలో వెళ్లండి.

సముద్రపు మబ్బు

తీరంలో ఎగిరేవాళ్లు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పసిఫిక్ నీళ్లు ఇక్కడ చల్లగా ఉంటాయి. వాటిని తాకిన గాలి చల్లబడి, తేమ పట్టి కిందే ఉండిపోతుంది. దాని పైన వెచ్చటి పొడి గాలి కుండ మీద మూతలా కూర్చుంటుంది. ఆ మూత కింది గాలి పొరే మెరైన్ లేయర్, అందులో పరుచుకునేదే ఈ మబ్బు. మే, జూన్ నెలల్లో ఇది రోజుల తరబడి వదలదు. అందుకే ఇక్కడివాళ్లు మే గ్రే, జూన్ గ్లూమ్ అంటారు. సాయంత్రం పొద్దు వాలాక తీరం నుంచి లోపలికి వస్తుంది, రాత్రంతా ఉంటుంది, మర్నాడు పది, పదకొండు గంటలకో మధ్యాహ్నానికో ఎండ తగిలి విడిపోతుంది. కొన్ని రోజులు అసలు విడిపోదు.

చిక్కేమిటంటే, కొండలకు అవతల కరోనాలోనో చినోలోనో మీరు నీలాకాశం కింద హాయిగా ఎగురుతుంటారు. అదే సమయంలో జాన్ వేన్ మీద 700 అడుగుల ఎత్తులో మబ్బు కప్పేసి ఉండొచ్చు. కాబట్టి మీ తలపైన ఆకాశం చూసి నిర్ణయించకండి. బయల్దేరేముందు ఇవి చూడండి:

- జాన్ వేన్ మెటార్ (ఎయిర్‌పోర్టు వాతావరణ నివేదిక), దానితో పాటు లాంగ్ బీచ్, కార్ల్స్‌బాడ్ మెటార్‌లు. తీరం వెంట అటూ ఇటూ మబ్బు కమ్ముతోందంటే మీ వంతు దగ్గర పడిందని అర్థం.
- ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) తేడా. సాయంత్రం అది 3 డిగ్రీల లోపుకు దిగుతుంటే అనుమానించండి.
- శాటిలైట్ బొమ్మ. సముద్రం మీద తెల్లటి పరుపు తీరానికి ఎంత దగ్గరగా ఆగి ఉందో కళ్లకు కనిపిస్తుంది.

వీఎఫ్ఆర్‌లో, అంటే కళ్లతో బయటికి చూస్తూ ఎగిరే పద్ధతిలో, ఈ ఎయిర్‌పోర్టుకు రావాలంటే నేల నుంచి మబ్బు అడుగు కనీసం 1,000 అడుగులు ఉండాలి, చూపు 3 మైళ్లు సాగాలి. చట్టం చెప్పేది అంతే. కొత్తవాళ్లు అక్కడ ఆగకూడదని నా గట్టి అభిప్రాయం. 2,000 అడుగుల మబ్బు, 6 మైళ్ల చూపు లేకపోతే వెళ్లకండి. పగలు వీఎఫ్ఆర్‌కు చట్టం అడిగే అదనపు ఇంధనం అరగంటకు సరిపడా. మీరు గంటకు సరిపడా ఉంచుకోండి. తిరిగి వచ్చేసరికి మబ్బు మూసుకుపోతే కరోనా, చినో, రివర్‌సైడ్‌లలో ఎక్కడ దిగాలో ముందే అనుకుని, ఆ కాగితం మోకాలి మీదే పెట్టుకోండి. ఊబర్‌లో ఇంటికి వెళ్లి, మర్నాడు వచ్చి విమానం తెచ్చుకోవచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఈ విషయం ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2020 జనవరి 26 ఉదయం బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ ఎక్కిన హెలికాప్టర్ బయల్దేరింది ఈ జాన్ వేన్ నుంచే. కలబాసస్ దగ్గర కొండల మీద మబ్బులోకి వెళ్లి కూలిపోయింది. తొమ్మిది మంది చనిపోయారు. వీఎఫ్ఆర్‌లో వెళ్తూ వెళ్తూ మబ్బులోకి సాగిపోవాలన్న నిర్ణయం, అందులో పైలట్‌కు పైకీ కిందకీ తేడా తెలియకపోవడం కారణమని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. ఆ పైలట్ అనుభవం ఉన్నవాడే. మబ్బు కింద ఖాళీ తగ్గుతూ వస్తోందనిపిస్తే ఇంకా కిందికి దిగకండి, వెనక్కి తిరగండి.

విమానం దగ్గర

మబ్బు పట్టిన రాత్రి బయట నిలబెట్టిన విమానం పొద్దున్నే తడిసి ముద్దై ఉంటుంది. రెక్క మీద చేయి పెడితే నీళ్లు కారతాయి. ఇంధనం ట్యాంకు మూత చుట్టూ రబ్బరు పాతబడి ఉంటే ఆ నీళ్లు లోపలికి దిగుతాయి. అందుకే శాంపిల్ తీసే గాజు కప్పును ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. 100 ఎల్ఎల్ అనే విమాన పెట్రోలు లేత నీలం రంగులో ఉంటుంది. అడుగున రంగులేని బుడగలాంటిది తిరుగుతుంటే అది నీరు. అది పూర్తిగా పోయేదాకా తీస్తూనే ఉండండి. కప్పు మొత్తం ఒకే రంగులో ఉన్నా తొందరపడకండి, నీలం ఉందా లేదా చూడండి. కప్పు నిండా నీళ్లే ఉన్నా ఒకే రంగులో కనిపిస్తుంది.

ఉప్పు గాలికి తుప్పు త్వరగా పడుతుంది. కీళ్ల దగ్గర, కేబుళ్ల దగ్గర ఒక్క క్షణం ఎక్కువ చూడండి. కార్బురేటర్ ఉన్న విమానమైతే, ఈ తేమలో వెచ్చటి రోజు కూడా కార్బురేటర్‌లో ఐసు పడుతుంది. టాక్సీ చేస్తూ ఆర్‌పీఎం తగ్గినట్టు అనిపిస్తే కార్బ్ హీట్ (కార్బురేటర్‌కు వేడి గాలి పంపే మీట) వేసి చూడండి.

ఇంజిన్ ఆన్ చేశాక మొదటి మాటలు

టవర్ లేని ఎయిర్‌పోర్టులో ఇంజిన్ ఆన్ చేసి నేరుగా కదిలిపోతారు. ఇది క్లాస్ సీ (కంట్రోలర్లతో మాట్లాడాకే లోపలికి రావాల్సిన గగనతలం) కాబట్టి ఇక్కడ వరస వేరు. ముందు ఏటిస్ వినాలి, తర్వాత బయల్దేరే అనుమతి ఇచ్చే క్లియరెన్స్ డెలివరీ, ఆపైన నేల మీద దారి చెప్పే గ్రౌండ్, ఆఖరున టవర్.

ఏటిస్ అంటే గాలి, మబ్బు, వాడుతున్న రన్‌వే చెప్పే రికార్డింగ్. దానికి ఒక అక్షరం పేరు ఉంటుంది. ఈసారి కిలో అనుకుందాం. తర్వాత క్లియరెన్స్‌కు ఇలా చెప్పండి:

"జాన్ వేన్ క్లియరెన్స్, సెస్నా 12345, స్కైహాక్, వీఎఫ్ఆర్ టు కరోనా, 3,500, ఇన్ఫర్మేషన్ కిలో."

వాళ్లు ఎగిరాక ఎటు తిరగాలి, ఎంత ఎత్తు దాటకూడదు, తర్వాత ఎవరితో మాట్లాడాలి, ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కు మీరెవరో చెప్పే పరికరం) ఏ కోడ్ వేయాలి అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్తారు. ముందే కాగితం మీద నాలుగు గళ్లు గీసి ఉంచుకోండి: దిక్కు, ఎత్తు, ఫ్రీక్వెన్సీ, కోడ్. విన్నది ఆ గళ్లలో రాసుకుని అదే వరసలో తిరిగి చదవండి. అర్థం కానిది ఉంటే "సే అగైన్" అనండి. ఊహించి చదవకండి.

మన యాస గురించి చాలామంది లోపల్లోపల బెంగపడతారు. అక్కర్లేదు. ఈ కంట్రోలర్లు రోజూ రకరకాల దేశాల గొంతులు వింటారు. యాస కంటే వేగం ఇబ్బంది పెడుతుంది. మనం తెలుగులో మాట్లాడే స్పీడులోనే ఇంగ్లిష్ అంకెలూ చెప్పేస్తాం. అంకె అంకెకూ మధ్య కాస్త ఊపిరి వదలండి. మీరు కొత్త అని చెప్పుకోవడానికి మొహమాటపడకండి. మొదటి పిలుపు చివర "స్టూడెంట్ పైలట్" అని చేరిస్తే వాళ్లు నెమ్మదిగా మాట్లాడతారు, మీకు కాస్త ఎక్కువ ఎడం ఇస్తారు. సోలోకు, అంటే ఒంటరిగా ఎగరడానికి, వెళ్లేవాళ్లంతా ఇది తప్పక వాడుకోవాలి.

నేల మీద

గ్రౌండ్ మీకు దారి చెప్తుంది. అందులో "హోల్డ్ షార్ట్" అన్న మాట వస్తే, ఏ రన్‌వే ముందు ఆగాలో, మీ కాల్ సైన్‌తో (రేడియోలో మీ విమానం పేరు) కలిపి ఆ మాటలతోనే తిరిగి చెప్పాలి. "రోజర్" అంటే చాలదు. చెప్పేదాకా వాళ్లు వదలరు, అడుగుతూనే ఉంటారు.

రన్‌వే అడ్డం వచ్చినప్పుడల్లా దాన్ని దాటడానికి విడిగా అనుమతి ఉండాలి. 2010 నుంచి ఇదే నియమం. ఫలానా చోటికి టాక్సీ చేయమన్నారు కదా అని మధ్యలో ఉన్న రన్‌వే దాటేయకూడదు. పసుపు గీతలు నాలుగు, మీ వైపు రెండు నిండుగా, అవతల రెండు తెగి తెగి కనిపిస్తే ఆగండి. అనుమతి విన్నామా లేదా అన్న అనుమానం ఏ మూలనో ఉంటే గీత ముందే నిలబడి అడగండి. టాక్సీ చేస్తూ చెక్‌లిస్ట్ చదవకండి, ఐప్యాడ్ సర్దుకోకండి. రనప్ (ఎగిరేముందు ఇంజిన్ పరీక్ష) చేసేచోట ఆగి, తీరిగ్గా చేసుకోండి.

ఎగిరేముందు ఒక్క నిమిషం

"లైన్ అప్ అండ్ వెయిట్" అంటే రన్‌వే మీదికి వెళ్లి, నడిమి గీత మీద నిలబడి ఆగాలి. ఎగరడానికి అది అనుమతి కాదు. లోపలికి వెళ్లేముందు తల తిప్పి ఫైనల్ (రన్‌వేకు ఎదురుగా దిగి వచ్చే ఆఖరి దారి) మీద ఎవరైనా వస్తున్నారా చూడండి. టవర్ చెప్పినా చూడండి.

సముద్రం వైపు ఎగిరితే ముందు న్యూపోర్ట్ బ్యాక్ బే, ఆపైన ఇళ్లు, ఆపైన నీళ్లు. ఇంజిన్ ఆగిపోతే 300 అడుగుల దగ్గర ఏం చేస్తారు, 800 దగ్గర ఏం చేస్తారు అన్నది బ్రేకులు వదలకముందే గట్టిగా బయటికి చెప్పుకోండి. పక్కన ఎవరూ లేకపోయినా చెప్పుకోండి. తీరం దాటి ప్రాక్టీసుకు వెళ్తే, ఇంజిన్ ఆగినా గ్లైడ్ చేస్తూ ఒడ్డు చేరేంత ఎత్తులోనే ఉండండి.

జెట్‌ల వెనక గాలి సుడులు

ఈ ఎయిర్‌పోర్టు పేరు వేక్ టర్బులెన్స్ చరిత్రలోనే ఉంది. 1993 డిసెంబర్ 15 సాయంత్రం ఒక వెస్ట్‌విండ్ బిజినెస్ జెట్ ఇక్కడ దిగడానికి వస్తూ, ముందు వెళ్తున్న బోయింగ్ 757 వెనక సుడిగాలిలో చిక్కి కూలిపోయింది. ఇన్-ఎన్-అవుట్ బర్గర్ సంస్థ అధ్యక్షుడు రిచ్ స్నైడర్‌తో సహా ఐదుగురు చనిపోయారు. వెస్ట్‌విండ్ ఆ 757కు మరీ దగ్గరగా, దాని దారికి కిందుగా వచ్చింది. ఆ తర్వాత 757 వెనక వచ్చే విమానాలకు ఉంచాల్సిన దూరం పెంచారు. పడిపోయింది ఒక జెట్. మీది దానికంటే ఎంతో తేలికైన సెస్నా.

ఎగురుతున్న ప్రతి విమానం రెక్కల కొనల నుంచి రెండు సుడులు వదులుతుంది. అవి నిమిషానికి కొన్ని వందల అడుగుల చొప్పున కిందికి దిగుతాయి, నేల దగ్గరకు వచ్చాక 2, 3 నాట్స్ (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు) వేగంతో పక్కలకు పారతాయి. కంటికి కనిపించవు. జెట్ నేల విడిచిన చోట మొదలై, దిగేటప్పుడు ముక్కు చక్రం నేల తాకేచోట ఆగిపోతాయి.

ఈ ఒక్క లెక్క నుంచి మిగతావన్నీ వస్తాయి. జెట్ వెనక దిగేటప్పుడు దాని దారికి పైనే ఉండండి, అది నేల తాకిన చోటు దాటాకే దిగండి. జెట్ వెనక ఎగిరేటప్పుడు అది నేల విడిచిన చోటికి ముందే ఎగరండి, గాలి వచ్చే వైపుకు జరిగి ఎక్కండి.

జాన్ వేన్‌లో ఇంకొకటి గమనించాలి. రోజూ మధ్యాహ్నం వీచే సముద్రపు గాలి నైరుతి నుంచి, తరచూ కాస్త పడమర వైపు నుంచి వస్తుంది. 20 రైట్ పడమర వైపున ఉంది, మీ 20 లెఫ్ట్ తూర్పున. అంటే పెద్ద రన్‌వే మీద జెట్ వదిలిన సుడులను గాలి మెల్లగా తోసేది మీ రన్‌వే మీదికే. రెండింటి మధ్య దూరం చాలా తక్కువ. జెట్ పక్క రన్‌వే మీదిదే కదా అని వదిలేయకండి. ముఖ్యంగా గాలి 3 నుంచి 5 నాట్స్ మెల్లగా ఉన్న రోజు జాగ్రత్త. బలమైన గాలి సుడులను త్వరగా చెదరగొడుతుంది, మెల్లటి గాలి మోసుకొస్తుంది.

టవర్ "కాషన్, వేక్ టర్బులెన్స్" అంటే ఇక బాధ్యత మీదే అని అర్థం. సందేహంగా ఉంటే "రిక్వెస్ట్ టూ మినిట్స్ డిలే ఫర్ వేక్ టర్బులెన్స్" అని అడగండి. వెనక ఎంతమంది లైన్‌లో ఉన్నా సరే. ఆ రెండు నిమిషాలకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

తిరిగి రావడం

వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టుకు 15, 20 మైళ్ల దూరంలోనే సోకాల్ అప్రోచ్‌ను (ఈ ప్రాంతమంతా రాడార్‌లో చూసే కంట్రోలర్లు) పిలవండి. ఏటిస్ అంతకు ముందే విని ఉండాలి. వాళ్లు మీ కాల్ సైన్ పలికితే రెండువైపులా సంబంధం కుదిరినట్టే, క్లాస్ సీలోకి రావచ్చు. "సెస్నా 12345, స్టాండ్‌బై" అన్నా చాలు. "ఎయిర్‌క్రాఫ్ట్ కాలింగ్, స్టాండ్‌బై" అంటే మాత్రం మీరెవరో వాళ్లకు తెలియదు. బయటే చక్కర్లు కొట్టండి. "రిమైన్ అవుట్‌సైడ్" అన్నా బయటే ఉండాలి.

దక్షిణం నుంచి వచ్చేవాళ్లకు డానా పాయింట్, తీరం వెంట పడమర నుంచి వచ్చేవాళ్లకు హంటింగ్టన్ బీచ్ పియర్ మంచి గుర్తులు. లోపలి నుంచి వచ్చేటప్పుడు టస్టిన్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాటి పెద్ద చెక్క హ్యాంగర్ దూరం నుంచే కనిపిస్తుంది. అవి రెండుండేవి. ఉత్తరం వైపుది 2023 నవంబర్‌లో కాలిపోయింది కాబట్టి పాత ఫోటోలు చూసి రెండింటి కోసం వెతక్కండి. ఉత్తరాన డిస్నీలాండ్ చుట్టూ 3 నాటికల్ మైళ్ల లోపు, 3,000 అడుగుల కింద ఎగరకూడదు. టాబ్లెట్‌లో ఆ వలయం ఎర్రగా కనిపిస్తుంటే చాలు, దూరంగా ఉండండి.

ఇక ప్యాటర్న్‌లో, అంటే దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారిలో, టవర్ మాటలు వెంట వెంటనే వస్తాయి. అందులో రన్‌వే పక్కగా ఎదురు దిక్కులో సాగే భాగం డౌన్‌విండ్, అక్కడి నుంచి ఫైనల్ వైపు తిరిగే భాగం బేస్. కొన్ని తప్పక ఎదురవుతాయి.

"ఎక్స్‌టెండ్ డౌన్‌విండ్, ఐ విల్ కాల్ యువర్ బేస్" అంటే, వాళ్లు పిలిచేదాకా అదే దిక్కులో, అదే ఎత్తులో పోతూ ఉండాలి. అలవాటు కొద్దీ తిరిగిపోకండి. ఎత్తు ముందే వదిలేయకండి. చాలా దూరం వచ్చేశామనిపిస్తే, మర్చిపోయారేమో అనిపిస్తే, ఒకసారి గుర్తు చేయండి.

"నంబర్ త్రీ, ఫాలో చెరోకీ ఆన్ టూ మైల్ ఫైనల్" అంటే ఆ చెరోకీ మీకు నిజంగా కనిపించాకే "ట్రాఫిక్ ఇన్ సైట్" అనండి. కనిపించకపోతే "నెగటివ్ కాంటాక్ట్". కనిపించిందన్న మరుక్షణం దానికి దూరం పాటించే భారం మీ మీదికి వస్తుంది. కనిపించింది మీరు వెతుకుతున్న విమానమేనా, ఇంకొకటా అని కూడా చూసుకోండి.

"కీప్ యువర్ స్పీడ్ అప్" అని అడగడానికి కారణం లెక్కలో ఉంది. ఫైనల్‌లో 135 నాట్స్ మీద వచ్చే జెట్‌కు 5 నాటికల్ మైళ్లు రెండుంపావు నిమిషాల పని. 65 మీద వచ్చే మీకు నాలుగున్నర నిమిషాలు దాటుతుంది. వాళ్లు మిమ్మల్ని అలాంటి జెట్‌ల మధ్య ఇరికించాల్సి ఉంటుంది. మైలు దూరం దాకా 90 నాట్స్ ఉంచి, తర్వాత తగ్గించుకోవడం సాధన చేసి ఉంటే సాయం చేయండి. లేకపోతే "అనేబుల్" అని ఒక్క మాట చెప్పండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు. సరేనని ఒప్పుకుని 85 నాట్స్ మీద రన్‌వే మొదట్లోకి వస్తే ఆ 2,900 అడుగులు తేలుతూనే అయిపోతాయి. సెస్నా 172ఎస్ పుస్తకం ప్రకారం సముద్ర మట్టం దగ్గర 50 అడుగుల అడ్డంకి దాటి దిగి ఆగడానికి 1,335 అడుగులు చాలు. అయితే అది సరైన స్పీడులో వచ్చినవాళ్లకు వర్తించే లెక్క.

ఏ రన్‌వే మీద దిగుతున్నారు?

2017 ఫిబ్రవరి 13న నటుడు హారిసన్ ఫోర్డ్ తన చిన్న హస్కీ విమానంలో ఇక్కడికి వచ్చాడు. టవర్ 20 లెఫ్ట్ ఇచ్చింది. ఆయన పక్కనున్న టాక్సీవే సీ మీద దిగాడు, అదీ 110 మంది ప్రయాణికులున్న అమెరికన్ ఎయిర్‌లైన్స్ 737 మీదుగా. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన దశాబ్దాలుగా విమానాలు నడుపుతున్నవాడు. కదులుతున్న ఎయిర్‌లైనర్ మీదికి, ఇంకో జెట్ వదిలిన గాలి కుదుపు మీదికి దృష్టి పోయిందని తర్వాత ఆయనే టవర్‌కు చెప్పాడు.

ఫైనల్ మీద అక్కడ ఏం కనిపిస్తుందో ఊహించుకోండి. ముందు మూడు పొడుగాటి చారలు. ఎడమ వైపున జెట్‌లు. చలికాలంలో మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో అయితే సూర్యుడు కూడా దాదాపు ఎదురుగా వాలి ఉంటాడు, అద్దం మీద ప్రతి గీతా మెరుస్తుంది, రంగులు తెలియవు. అందుకని మూడు పనులు చేయండి. బేస్ మీదే మీ రన్‌వే అంకె, అక్షరం బయటికి పలకండి. జీపీఎస్‌లో ఆ రన్‌వే సెంటర్‌లైన్ పెట్టుకుని, విమానం ఆ గీత మీదే ఉందా చూడండి. 500 అడుగుల దగ్గర నేల మీద రాసిన పెద్ద తెల్ల అంకెల కోసం చూడండి. టాక్సీవే మీద అవి ఉండవు, దాని గీత పసుపు. అంకెలు కనిపించకపోతే గో అరౌండ్. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముందు పవర్ పెంచి పైకి ఎక్కండి, తర్వాత చెప్పండి.

విమానం అద్దం మురికిగా ఉంటే ఎండ ఇంకా ఎక్కువ చెదురుతుంది. ప్రీఫ్లైట్‌లోనే తుడవండి.

దిగాక

రన్‌వే నుంచి బయటికి వచ్చి, విమానం మొత్తం పసుపు గీతలు దాటాకే ఆగండి. పక్క రన్‌వే మీదికి మాత్రం వెళ్లకండి. టవర్ చెప్పాకే గ్రౌండ్‌కు మారండి, ఆపైనే ఫ్లాప్స్, లైట్లు సర్దుకోండి.

ఏదైనా తప్పు జరిగిందని టవర్ ఫోన్ నంబర్ ఇచ్చి కాల్ చేయమంటే భయపడకండి. నంబర్ రాసుకుని ముందు విమానం క్షేమంగా పార్క్ చేయండి. తర్వాత ఇన్‌స్ట్రక్టర్‌తో మాట్లాడండి. నాసా నడిపే, పైలట్ల పొరపాట్ల నివేదికలు తీసుకునే ఏఎస్‌ఆర్‌ఎస్‌కు పది రోజుల్లోపు జరిగింది జరిగినట్టు రాసి పంపండి. కావాలని చేయని తప్పులకు శిక్ష పడకుండా అది చాలావరకు కాపాడుతుంది, ఇంకో పైలట్‌కూ పనికొస్తుంది.

శాంటా ఆనా గాలులు వచ్చే రోజు

శరదృతువులోనూ చలికాలంలోనూ ఎడారి వైపు నుంచి వేడి పొడి గాలి కనుమల గుండా తీరం మీదికి దూసుకొస్తుంది. మబ్బు ఉండదు, చూపు ఎంత దూరమైనా ఆగదు, ఆకాశం రమ్మని పిలుస్తున్నట్టే ఉంటుంది. కానీ కొండల దగ్గర కుదుపులు విపరీతం. రన్‌వేలు తిరగబడి 2 వైపు వాడతారు. మీరు నేర్చుకున్న ప్యాటర్న్ అంతా అద్దంలో చూసినట్టు అటూ ఇటూ మారిపోతుంది. సెస్నా 172 పరీక్షల్లో తట్టుకుని చూపిన పక్క గాలి 15 నాట్స్. మీరు సాధన చేసింది 8 నాట్స్ దాకానే అయితే మీ హద్దు అదే. ఈ గాలుల్లో సోలో వద్దు. ఇన్‌స్ట్రక్టర్ ఉంటే మాత్రం ఒకసారి తప్పక వెళ్లండి, రెండో దిక్కు నుంచి ఈ ఎయిర్‌పోర్టు ఎలా ఉంటుందో చూసి ఉండటం మంచిది.

రేడియో ఆగిపోతే

ముందు హెడ్‌సెట్ ప్లగ్, వాల్యూమ్, ఫ్రీక్వెన్సీ చూడండి. చాలాసార్లు అంతే ఉంటుంది. రెండో రేడియో ఉంటే దానికి మారండి. ఏదీ పనిచేయకపోతే ట్రాన్స్‌పాండర్‌లో 7600 వేయండి. క్లాస్ సీ బయటే ఉన్నారనుకోండి, లోపలికి రాకుండా కరోనా లాంటి టవర్ లేని ఎయిర్‌పోర్టుకు వెళ్లి దిగడం అన్నిటికంటే తేలిక. ప్యాటర్న్‌లో ఉన్నప్పుడు ఆగిపోతే టవర్ చూపించే దీపం సైగ కోసం అటే చూస్తూ ఉండండి. ఆగని పచ్చ దీపం అంటే దిగండి. మెరిసే పచ్చ అంటే దిగడానికి తిరిగి రండి. ఆగని ఎరుపు అంటే దారి ఇచ్చి తిరుగుతూ ఉండండి. మెరిసే ఎరుపు అంటే ఎయిర్‌పోర్టు క్షేమం కాదు, దిగవద్దు. చూశామని చెప్పడానికి పగలైతే రెక్కలు ఊపండి, రాత్రయితే ల్యాండింగ్ లైటు మిణుకుమనిపించండి. టవర్ ఫోన్ నంబర్ ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి ముందే ఫోన్‌లో పెట్టుకోండి. మీ హెడ్‌సెట్‌కు బ్లూటూత్ ఉంటే ఇంజిన్ చప్పుడులో కూడా ఆ నంబర్‌కు కాల్ చేసి మాట్లాడొచ్చు.